హెర్మిండా ఇంటికి ఒక కబురు

మా చిలోయే దీవుల్లో పడవేసుకుని ఊరికే తిరిగొచ్చేవాళ్ళని పిచ్చివాళ్ళ కింద జమకడతారు. చేపలకో, బంగాళదుంప బస్తాలకో, చావుకో పెళ్ళికో అయితే సముద్రం మీదికి పోవాలిగాని షికారేమిటని జనం నవ్వుతారు. నవ్వనీ. నేనూ నా భార్య హెర్మిండా ఏటా ఫిబ్రవరిలో, మా వేసవి ఎండ కాస్త నిలకడగా ఉన్నప్పుడు, మా చిన్న పడవలో తూర్పు దీవుల్ని ఒక చుట్టు చుట్టి వచ్చేవాళ్ళం. ఆమె పోయాక పడవ ఒడ్డున ఒరిగి పడి ఉంది, నాలాగే. గోడలతో మాట్లాడీ మాట్లాడీ విసుగెత్తి, ఈ ఏడు వెళ్ళి తీరాలనుకున్నాను.

వెళ్ళాలంటే లేచి వెళ్ళిపోవడం కాదు. మా దగ్గర ఆటుకీ పోటుకీ మధ్య నీళ్ళు ఇల్లెత్తు లేచి పడతాయి. దీవుల మధ్య సందుల్లో సముద్రం ఏరులా పరుగెడుతుంది. నీళ్ళు నిలబడ్డ కాసేపట్లోనే ఆ సందులు దాటాలి. ఉత్తరపు గాలి లేచిందా, ఎక్కడున్నవాడు అక్కడే నక్కాలి. అందుకని దారి పొడవునా తలదాచుకునే రేవుల్ని పటం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. డీజిలు వెళ్ళడానికి ఒక వంతు, రావడానికి ఒక వంతు, సముద్రానికి లంచం ఇంకో వంతు. లంగర్లు రెండు. పాత తాళ్ళు పారేసి కొత్తవి కట్టాను.

ఇంతా చేసి మూడో లంగరు దగ్గర ఆగిపోయాను. ఆ పేరు హెర్మిండా పెట్టింది. "రెండు లంగర్లు నీళ్ళలోకయ్యా, మూడోది ఒడ్డునుండాలి" అనేది. ఎటు పోతున్నామో, ఏ పోటుకి తిరిగొస్తామో ఒడ్డున ఒక మనిషికి చెప్పి వెళ్ళాలి. రాకపోతే నలుగుర్నీ లేపి వెతికించేది ఆ మనిషే.

మాకు ఆ మనిషి కంచెకి అవతలి ఉబెర్లిండా. కాని ఆవిడకీ నాకూ మాటల్లేవు. హెర్మిండా పోయిన నెలలోనే ఆవిడ గొర్రెలు మా పెరట్లో జొరబడి, హెర్మిండా చేత్తో నాటిన చివరి క్యాబేజీల్ని మొదళ్ళతో సహా మేసేశాయి. నేను నోటికొచ్చినట్టు తిట్టాను. మధ్య కంచె గేటు తెరిచి పెట్టుకున్నది ఎవరని ఆవిడ అడిగింది. అడిగినదాంట్లో న్యాయముంది, అందుకే ఇంకా మండింది. అప్పట్నుంచి ఆవిడ పొగ గొట్టాన్ని నేను చూస్తాను, నా పొగ గొట్టాన్ని ఆవిడ చూస్తుంది, మొహాలు మాత్రం చూసుకోం.

ఇక మిగిలింది రేడియో. మా దీవి మొత్తానికి బడి దగ్గర ఒక్క ఫోను. ఎవరికేం చెప్పాలన్నా పట్నం రేడియోలో సాయంత్రం కబుర్లు చదువుతారు, ఇంటింటా వింటారు. ఫలానా ఆమె ఆస్పత్రి నుంచి వస్తోంది, గుర్రం పట్టుకుని ఒడ్డుకు రండి, ఇలాంటివి. డీజిలు కొనడానికి పట్నం వెళ్ళినప్పుడు అక్కడికీ వెళ్ళాను.

"కబురు ఎవరికి బాబాయ్?" అంది రేడియో అమ్మాయి.

ఉబెర్లిండా పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "హెర్మిండా చిగ్వాయ్ ఇంటికి" అన్నాను.

ఆ సాయంత్రం పొయ్యి పక్కన కూర్చుని నా రేడియోలో నా కబురు నేనే విన్నాను. హెర్మిండా చిగ్వాయ్ ఇంటికి కబురు, రోసమెల్ గురువారం పొద్దున ఆటుతో బయల్దేరి శనివారం సాయంత్రం పోటుకి తిరిగొస్తాడు అని ఆ అమ్మాయి చక్కగా చదివింది. ఆ ఇంట్లో వినడానికి నేను తప్ప ఎవరున్నారు? "సరే, జాగ్రత్త" అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను. ముందు నవ్వొచ్చింది. తర్వాత చాలాసేపు ఏడ్చాను.

రెండు రోజులు సముద్రం బుద్ధిగా ఉంది. మూడో రోజు, ఇంటికి తిరగాల్సిన శనివారం, పొగమంచు దిగింది. నేనొక చిన్న రేవులో ఉన్నాను. పడవ ముక్కు నాకే కనబడటం లేదు. ఇవతల రాళ్ళు, అవతల ఆ పరుగెత్తే సందు. ఇలాంటప్పుడు కదలకూడదని పటం మీద నా చేత్తోనే రాసుకున్నాను.

కాని దుంపలు ఉడకేసుకుని ఒక్కణ్ణే తింటుంటే బుద్ధి వంకర తిరిగింది. ఆలస్యమైతే అడిగేదెవరు, మునిగితే వెతికేదెవరు? ఎదురుచూసేవాళ్ళు లేనివాడికి జాగ్రత్తలెందుకు అనిపించింది. చావాలని కాదు. ఎట్లా పోయినా ఒకటేననిపించింది, అంతే. ఒక లంగరు పైకి లాగేశాను. రెండోదాని తాడు చేతిలో ఉండగా, అలవాటుగా పెట్టుకున్న చిన్న రేడియోలో కబుర్లు మొదలయ్యాయి.

"సముద్రం మీదున్న రోసమెల్‌కి, హెర్మిండా చిగ్వాయ్ ఇంటి నుంచి కబురు" అంది ఆ అమ్మాయి. ఖాళీ చేత్తో రేడియో గొంతు పెంచాను. "మంచు పట్టింది. ఉన్నచోటే ఉండు. పొయ్యి ఆరిపోకుండా చూస్తున్నాం. గేటు వేసే ఉంది."

పరలోకం నుంచి గేటు ముచ్చట్లు రావు. ఆ దెప్పిపొడుపు ఉబెర్లిండాదే. మోకాళ్ళ నొప్పులతో బడి దాకా నడిచి, ఆ ఒక్క ఫోను పట్టుకుని చెప్పించి ఉంటుంది. రెండోదాని తాడు వదిలేసి, మొదటి లంగరు మళ్ళీ నీళ్ళలో దించాను. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మర్నాడు మంచు విడిచాక బయల్దేరాను. దూరం నుంచే మా ఇంటి గొట్టంలోంచి పొగ కనబడింది. లోపల ఎవరూ లేరు. పొయ్యి మీద కెటిలు మరుగుతోంది, నా కట్టెలు సగం ఖాళీ.

వెళ్ళేముందు చెప్పినట్టే, వచ్చాక వచ్చామనీ చెప్పాలి. కంచె దాకా నడిచాను. ఉబెర్లిండా వంగి దుంపల మళ్ళు తవ్వుతోంది.

"వచ్చేశాను" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "కనబడుతోందిలే. ఆ గేటు వెయ్యి."

వేశాను. ఈసారి కంచెకి ఆవిడ వైపు నిలబడి.