డెల్ఫీనా మింగిన మాట

పనాయ్ దీవిలో, చేపల రేవు పక్కనున్న ఆసుపత్రి ల్యాబులో డెల్ఫీనా పొద్దున ఏడింటికల్లా రక్తం ట్యూబుల్ని, వాటిని గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో సర్ది మూత వేస్తుంది. ఆ రోజు మిషను అలా తిరిగిందో లేదో, గడగడలాడుతూ బల్ల మీద జానెడు జరిగింది. గబుక్కున ఆపేసింది.

ఎదురెదురు ట్యూబులు సరిచూసింది. అడుగునున్న రబ్బరు బిళ్లలు తుడిచింది. బల్లకాలి కింద అట్టముక్క దోపింది. మళ్లీ గడగడే. నాలుగోసారికి ఏడుపొచ్చింది.

"అక్కా, రిపోర్టులేవి? డాక్టరుగారు నన్ను పీక్కుతింటున్నారు," కిటికీలోంచి నర్సు మర్సెలా అరిచింది.

"దీన్నే అడుగు! పూనకం వచ్చినట్టు ఊగుతోంది."

"ఎవరో మాట మింగుంటారు. తూచి చూడు."

చెప్పాల్సిన మాట మింగినవాళ్ల రక్తం బరువెక్కుతుందని అక్కడ అందరికీ తెలుసు. డెల్ఫీనా విసుక్కుంటూ ఒక్కో ట్యూబూ తూచింది. తొమ్మిది సమానం. పదోది రెండింతలు తూగింది. దానికి జోడీగా ఖాళీ ట్యూబు పెట్టి అంచుదాకా నీళ్లు పోసినా సరితూగలేదు. చీటీ చూసింది. సిబ్బంది పరీక్షలకని పొద్దున ఇచ్చిన తన రక్తమే.

ఆ మాటేదో ఆమెకి తెలుసు. మామూలుగా మిషను ఆగేదాకా మూత తెరుచుకోదు. సీనియర్ ఇలారియోకి అంత ఓపిక లేదు. మూత తాళం పనిచెయ్యకుండా తీగ కట్టేశాడు. ఇంకా తిరుగుతుండగానే మూత ఎత్తి, లోపల ట్యూబులుండే చక్రాన్ని అరచేత్తో ఆపుతాడు. తనకి ఉద్యోగం ఇప్పించిన మనిషి, తను మనోంగ్ అని, అంటే అన్నా అని, పిలిచే మనిషి. అందుకే రెండు నెలలుగా చూసీ చూడనట్టుంది.

"ఇంకా కాలేదా? జరుగు, నేను తిప్పుతా," అంటూ ఇలారియో వచ్చాడు.

"ముట్టుకోకండి మనోంగ్! ఆ తీగ తీసేదాకా ఎవరూ దీన్ని తిప్పడానికి వీల్లేదు. పెద్ద డాక్టరుకి చెప్తున్నా."

"నేను పెట్టించిన ఉద్యోగంలో ఉండి నాకే నేర్పుతావే?"

"నేర్పుతా. ఎన్నాళ్లు చూస్తూ ఊరుకోను?"

త్రాసు మీదున్న డెల్ఫీనా ట్యూబు తేలికైంది. ఇద్దరూ చూశారు.

ట్యూబుల్ని పక్క ఊరి ఆసుపత్రికి పంపారు. మధ్యాహ్నం మెకానిక్ వచ్చి, తీగ కత్తిరించి, చక్రం ఊడదీసి బోర్లించాడు. అడుగున వెంట్రుకంత పగులు, అంచు నుంచి నడిమి దాకా.

"ఇంకొక్కసారి వేగం అందుకునుంటే ముక్కలయ్యేది," అన్నాడు.

ఇలారియో ఆ పగులు వంక చూశాడు. తర్వాత తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అన్నం డబ్బా తెరిచి, ఎండుచేప ముక్కలు ఆమె వైపు జరిపాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు, కోపం ఇంకా తగ్గని గొంతుతో.

"లేదు మనోంగ్."

"రా, ముందు తిను."