కూర్మారావు గారి కొండచీపురు

నేను ఒక కొండచీపురుని. పాడేరు పక్క కొండల మీద గాలికి తలూపుతూ హాయిగా ఉన్నదాన్ని కోసి, ఎండబెట్టి, బిగించి కట్టి సంతకు తెచ్చారు. అక్కడ నన్ను కొన్నది హైమావతి గారు. కుచ్చు నిమిరి, "బాగుంది" అన్నారు. ఆ మాట మళ్లీ వినడానికి నాకు చాలా కాలం పట్టింది.

అనకాపల్లిలో వాళ్లిల్లు. చీపురు నిలబెడితే ఇంటికి మంచిది కాదని నన్ను తలుపు మూల పడుకోబెట్టారు. ఎప్పుడూ పడుకునే ఉండాలన్న నియమం ఆ ఇంట్లో ఇంకొకరు కూడా శ్రద్ధగా పాటించేవారు. ఆయన హైమావతి గారి భర్త, కూర్మారావు గారు.

నేను పనిలోకి దిగకముందే ఆవిడ పెరట్లో జారిపడ్డారు. కుడిచేతికి కట్టు పడింది. ఇల్లెవరు ఊడుస్తారని దిగులుపడుతుంటే ఆయన లుంగీ ఎగ్గట్టారు.

"ఇల్లూడవడం కూడా ఓ పనేటే? నువ్వు కూకో."

చెమట పడుతుందని ఫ్యాను పెద్దగా పెట్టుకుని మొదలెట్టారు. కొత్త కొండచీపురుకు నూగు ఉంటుంది, ముందు బయట గోడకేసి దులపాలి. ఆ సంగతి ఆయనకు తెలీదు. ఊడ్చినకొద్దీ నూగు రాలింది, రాలింది రాలినట్టే ఫ్యాను గాలికి సోఫా మీదికీ, పూజగదిలోకీ ఎగిరింది. ఆయన మళ్లీ ఊడ్చారు. ఇంకా రాలింది. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

"ఇదేం చీపురే? చెత్త తీయమంటే పెడతంది. పారేస్తాను."

సరిగ్గా అప్పుడే వీధిలో చెత్త బండి పాట వినిపించింది. ఆయన నన్ను మెడ పట్టుకుని గేటు దాకా తీసుకెళ్లారు. ఒక్క గదైనా శుభ్రం చేయకుండానే చెత్తలో కలిసిపోతానని నాకు ఏడుపొచ్చింది.

"ఏవండీ, దాన్ని దులిపారా?" గుమ్మంలోంచి హైమావతి గారు అడిగారు.

"దులపాలా?"

"ఫ్యానాపారా?"

ఆయన లోపల గిర్రున తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. బండి వెళ్లిపోయింది. ఆవిడ ఎడమచేత్తో నన్ను ప్రహరీగోడకేసి బాదారు. దెబ్బలు తింటున్నా ప్రాణం లేచొచ్చింది. ఆయన తుమ్ముతూ నిలబడ్డారు.

తర్వాత ఆయనా నేనూ కలిసి ఇల్లు అద్దంలా ఊడ్చాం. మంచం కింద దొరికిన వేరుశెనగ తొక్కలన్నీ తనవేనని గుర్తుపట్టి ఆయన వాటిని గబగబా చేటలోకి ఎత్తేశారు. కొన్నాళ్లకు ఆవిడ చెయ్యి బాగైంది. చీపురు మాత్రం తిరిగి అడగలేదు. ఆవిడ తెలివంటే నాకు మహా ఇష్టం.

ఇప్పుడు నా కుచ్చు అరిగిపోయింది. మొన్న ఆవిడ కొత్త చీపురు తెచ్చి, బండి పాట వినగానే నన్ను గేటు వైపు తీసుకెళ్లబోయారు. ఆయన లోపల్నుంచి పరుగున వచ్చారు.

"దాన్ని పారేయకే. బాగుంది. బూజులు దులుపుకుంటాను."

నన్ను ఓ కర్రకు కట్టి గోడకు చేరేశారు. ఆ తర్వాత కొత్తదాన్ని ప్రహరీకేసి బాదుతూ, పక్కింటాయనకు వినబడేలా అన్నారు.

"ముందు దులపాలండీ. ఫ్యానాపాలి. ఈ మాత్రం తెలీకపోతే ఎలాగండీ?"

కాఫీ తాగుతున్న హైమావతి గారు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకూ నవ్వాగక కుచ్చంతా ఊగింది. ఈసారి రాలడానికి నా దగ్గర నూగు లేదు కాబట్టి ఎవరూ గమనించలేదు.