స్టూవర్ట్ పాఠం అప్పజెప్పిన రోజు

కెనడాలోని రెజైనాలో ఆ ఏడు దిగిన మన పిల్లల సంఖ్య చూస్తే, కాలేజీలో ఏదో ఒక సబ్జెక్టులో సీటు దొరకడమే గగనం. పల్నాడు నుంచి కంప్యూటర్లు చదవడానికొచ్చిన కాశీవిశ్వనాథానికి అదనపు సబ్జెక్టుగా మిగిలింది అమెరికా అంతర్యుద్ధ చరిత్ర. అందులో దక్షిణాది అశ్వదళ సేనాని జెబ్ స్టూవర్ట్ వాడికి తగులుకున్నాడు. కాశీ బెదరలేదు. లైబ్రరీ పుస్తకంలో ఆయన మీదున్న అధ్యాయాన్ని, ఊరి బడిలో సరోజన టీచరు నేర్పినట్టే, గదిలో అటూ ఇటూ తిరుగుతూ కామాలతో సహా బట్టీ పట్టాడు. పరీక్షలో మూడు పేజీలు దించేశాడు.

పది రోజులకు మెయిలొచ్చింది. జవాబు పుస్తకంతో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందట. ఫోన్ చూసి రాశాడని అనుమానం, విచారణకు రావాలి. తప్పు తేలితే సస్పెన్షన్. సస్పెన్షనైతే చదువుకోసం కెనడాలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్‌కే ఎసరు.

"నిజం చెప్పు, ఫోన్ చూసినవా?" అంది మధుమిత బస్సులో. కాశీ అద్దెకుంటున్న ఇంట్లోనే పై గదిలో ఉండే కరీంనగర్ అమ్మాయి. తోడుగా బయల్దేరింది.

"లేదంటిగా! బట్టీ పట్టా."

"మూడు పేజీలా? నీ తలకాయల ఉన్నది మెదడా, జిరాక్స్ మిషనా?"

"అడిగితే ఇప్పుడైనా అప్పజెప్తా."

"గదే చెయ్. ఆళ్ళ ముంగట అప్పజెప్పు. ఎవ్వరూ నోరు మెదపరు."

విచారణ గదిలో పాఠం చెప్పిన మాస్టారు, పక్కన విచారణ సంఘం అధ్యక్షురాలు. తోడు వచ్చినవాళ్ళు కూర్చోవచ్చు, మాట్లాడకూడదని ముందే చెప్పేశారు. కాశీ లేచి చేతులు కట్టుకుని మొదలుపెట్టాడు. వర్జీనియాలో పుట్టుక, వెస్ట్ పాయింట్ చదువు, పన్నెండు వందల గుర్రాలతో శత్రుసైన్యం చుట్టూ తిరిగొచ్చిన సాహసం, గెటిస్‌బర్గ్ యుద్ధానికి ఆలస్యంగా చేరిన అప్రతిష్ఠ, ఎల్లో టావెర్న్ దగ్గర తగిలిన తూటా, మర్నాడు ముప్పై ఒక్క ఏళ్ళకే చావు, అంతా అయిపోయాక చేరుకున్న భార్య. అధ్యక్షురాలి వేలు పుస్తకంలో వరస వెంట వరస జరుగుతూనే ఉంది. ఎక్కడా ఆగలేదు.

"ఫోన్ చూడలేదని నమ్ముతున్నాం," అందామె. మధుమిత ఊపిరి వదిలింది. "కానీ ఈ వాక్యాలన్నీ పుస్తకం రాసినాయనవి. వాటిని నీవిగా రాశావు. ఆ సంగతి ఇప్పుడు నువ్వే నిరూపించావు."

పుస్తకంలో ఉన్నది మార్చి రాస్తే సరోజన టీచరు మార్కులు కోసేది.

మాస్టారికి జాలేసినట్టుంది. "స్టూవర్ట్ గురించి నీకు తోచింది ఒక్కటి చెప్పు. నీ మాటల్లో."

తోచింది లేకపోలేదు. మొదటిసారి చదివినప్పుడే మనసులో గుచ్చుకుంది. అన్ని మైళ్ళు నడిచిన గుర్రాలకు నీళ్ళు పెట్టిందెవరు? జీను రాసుకుపోయిన వీపులకు మందు రాసిందెవరు? బానిసలే అయ్యుండాలి. ఆ అధ్యాయంలో వాళ్ళ ఊసే లేదు. కాశీ తాత ఇరవయ్యేళ్ళు పాలేరుగా ఆసామి గిత్తలను మేపాడు. అవి బండలాగుడు పందెంలో గెలిచిననాడు మైకులో వినిపించింది ఆసామి పేరే.

ఇదంతా కాశీ నోట్లో సిద్ధంగా ఉంది, తెలుగులో.

"హార్స్... వాటర్... హూ గివ్ సర్?"

"నీళ్ళు దొరకలేదంటావా?"

"నో సర్. మై గ్రాండ్‌ఫాదర్... బుల్స్..."

వాళ్ళిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. "గిత్తలు మా తాతవి కాదు సార్, మేపింది మా తాత!" అన్నాడు కాశీ తెలుగులోనే.

"సర్, హీ మీన్స్..." అంటూ మధుమిత సగం లేచింది. అధ్యక్షురాలు చెయ్యెత్తి ఆపింది. మధుమిత కూర్చుంది.

ఇద్దరూ కాసేపు గుసగుసలాడుకుని నిర్ణయం చదివారు. ఒక సెమిస్టర్ సస్పెన్షన్, ఆ రోజు నుంచే. అర్థమైందా అంటే కాశీ అలవాటుగా తలూపాడు.

బయట మంచు పడుతోంది. ఇద్దరూ బస్టాపుకు నడిచారు.

"నువ్వన్నది నాకైతే సమజైంది," అంది మధుమిత.

"నీకు చెప్పడానికా ఇంత దూరం వచ్చింది?"

ఇంటికి పోయే బస్సొచ్చింది. మధుమిత ఎక్కి వెనక్కి చూసింది. కాశీ కదల్లేదు.

"రెండింటికి ల్యాబుంది నాకు," అన్నాడు.

డ్రైవరు తలుపు తెరిచే ఉంచాడు. సస్పెన్షన్ ఈ రోజు నుంచేనని, ల్యాబుకు ఇక రానివ్వరని ఎలా చెప్పాలో మధుమితకు తోచలేదు.