నల్ల చీటీ

"సచ్చినట్టు పండుకునుడు గూడ డ్యూటీయేనా?" అన్నాడు మల్లేశ్వర్, పళ్లెం ముందుకు జరుపుకుంటూ.

స్వరాజ్యం పెనం మీది రొట్టెను తిప్పి, అంచులు గుడ్డతో అదిమింది. అది భార్యను అడిగిన మాట కాదు, వాళ్లమ్మకు వినిపించడానికి అన్న మాట. అనుకున్నట్టే గడప దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్న అత్త జంగమ్మ అందుకుంది.

"పండుకునేదే అయితే ఇంట్లనే పండుకోవచ్చు గద బిడ్డా. ప్రియకు ఇయ్యాల బడి గూడ లేదు. నా మోకాళ్లు జూస్తే గిట్లున్నయి."

ఇంట్లో ఏ రోజు పండుకోనిచ్చిన్రు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ఈ ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లుగా ఇలాంటివి ఎన్ని మింగిందో, అవన్నీ ఎక్కడికి పోతాయో ఆమెకే తెలియదు. మైలార్‌దేవ్‌పల్లిలోని ఆ రెండు గదుల ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమె. నల్లా వచ్చినప్పుడే నీళ్లు పట్టాలి, రొట్టెలు, కూర, ఎయిర్‌పోర్టులో క్యాబు నడిపే మల్లేశ్వర్‌కు డబ్బా, కూతురి జడలు, అత్తకు కాళ్లకు రాసే నూనె. అవన్నీ అయ్యాక యూనిఫాం వేసుకుని అంబులెన్సు ఎక్కాలి. పన్నెండు గంటల పాటు రోడ్డు మీద విరిగిన కాళ్లు, పగిలిన తలలు, నొప్పులు పడుతున్న ఆడవాళ్లు. మొదటిసారి ఆ ప్యాంటూ చొక్కా వేసుకున్న రోజు జంగమ్మ, "ముందల్నుంచి పోకు, ఎనక దర్వాజల్నుంచి పో, నలుగురు జూస్తరు" అంది. స్వరాజ్యం ఆరు నెలలు వెనక తలుపులోంచే వెళ్లింది. ఏడో నెలలో జంగమ్మకు ఆయాసం వచ్చి వీధంతా గుమిగూడినప్పుడు అదే యూనిఫాంతో ముందు తలుపులోంచి స్ట్రెచర్ మీద బయటికి మోసుకెళ్లింది. ఆ తర్వాత ఏ తలుపు సంగతీ ఎవరూ ఎత్తలేదు. మెచ్చుకోనూ లేదు.

అది 2012 ఏప్రిల్. శంషాబాద్ దగ్గర, ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు పక్క మైదానంలో ఆ రోజు పెద్ద డ్రిల్లు. బస్సు బోల్తా పడి ముప్పై మందికి దెబ్బలు తగిలాయనుకుని, అంబులెన్సు సర్వీసు, పోలీసులు, ఫైరింజన్ వాళ్లు, ఒక ప్రైవేటు ఆస్పత్రి, ఒక స్వచ్ఛంద సంస్థ అందరూ కలిసి వాళ్లనెలా కాపాడతారో చేసి చూపించాలి. చూడడానికి హైదరాబాద్ నుంచి పెద్ద అధికారి వస్తాడు. ఆయన మెచ్చుకుంటే ఈ సంస్థలన్నీ కలిసి పనిచేసే ఒప్పందం మీద సంతకాలు జరుగుతాయి.

దీనికోసం రెండు వారాల ముందు ఆ ప్రైవేటు ఆస్పత్రి హాల్లో మీటింగ్ పెట్టారు. రోడ్డు మీద పనిచేసే వాళ్ల తరఫున స్వరాజ్యాన్ని రమ్మన్నారు. వెళ్లాక తెలిసింది, ఆమె కుర్చీ గోడ పక్కన, టీ ఫ్లాస్కుల దగ్గర అని. గంటసేపు ఎవరి జెండా ఎక్కడ, ఎవరి పేరు ముందు అని మాట్లాడుకున్నారు. ఆమె చెయ్యెత్తింది. "సార్, మన ఏరియాల ఉన్నవి మూడు బండ్లు. ఒకటి మరమ్మతుల ఉంది. ఉన్న రెండిట్ల ఒకటి డ్రిల్లుకు పెడితే, ఆ టైంల నిజం కాల్ వస్తే ఎట్ల?" అందరూ ఆమె వైపు చూశారు. ఆమె పై అధికారి శివశంకర్ నవ్వుతూ, "మంచి పాయింటమ్మా. చూద్దాం. ఆ చివర్న కూర్చున్నవాళ్లకు బిస్కెట్లు అందినట్టు లేవు, కాస్త చూడు" అన్నాడు. తర్వాత వచ్చిన మీటింగ్ కాగితాల్లో జెండాల సంగతి ఉంది. ఆమె అడిగింది లేదు.

డ్రిల్లు రోజున అంబులెన్సులో ఆమె సీటు చందుకు ఇచ్చారు. అతనికి కెమెరా ముందు ఇంగ్లీషులో చెప్పడం వచ్చు. మట్టిలో పడుకోవడానికి ఆడమనుషులు కావాలంటే స్వచ్ఛంద సంస్థ అమ్మాయిలు ఎండ అన్నారు. "స్వరాజ్యం ఉంది కదా" అన్నాడు శివశంకర్. ఆమె యూనిఫాం మీద పాత పంజాబీ డ్రెస్సు టాపు తొడిగి, నుదుటికి, చెంపలకు ఎర్రరంగు పూశారు. మెడలో నల్ల చీటీ కట్టారు. దెబ్బలు తగిలినవాళ్లకు కట్టే చీటీల్లో ఎరుపంటే ముందు ఎత్తుకుపోవాల్సిన మనిషి. నలుపంటే ప్రాణం పోయిన మనిషి, ఆగవచ్చు.

పదిన్నరకు ఆమె వెల్లకిలా పడుకుంది. వీపు కింద గులకరాళ్లు, పైన తెల్లటి ఎండ. ఒక విమానం కడుపు చూపిస్తూ చాలా కిందుగా దిగిపోయింది. పట్టపగలు ఇలా పడుకుని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. కూతురు ప్రియదర్శిని పుట్టినప్పుడు కూడా పదో రోజే లేచి అన్నం వార్చింది. అప్పుడు మల్లేశ్వర్, "మా అమ్మ అయితే నాలుగో దినమే కలుపుకు పోయింది" అన్నాడు, అదేదో ఆమె ఓడిపోయిన పందెమన్నట్టు. కళ్లు మూసుకుంటే హాయిగా ఉంది. ఆ హాయికి వెంటనే సిగ్గేసింది. ఎవరైనా చూస్తే? చూస్తే ఏమవుతుంది, చచ్చిపోయిన మనిషినే కదా అనుకుని నవ్వొచ్చి పెదాలు బిగించింది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, బియ్యం నానబోశానా, నల్లా కట్టేశానా, పిల్ల జ్వరం మందు ఎక్కడుందో అత్తమ్మకు చెప్పానా అని లెక్కలు మొదలయ్యాయి. పడుకున్నా బుర్ర నిలబడే ఉంది. ఆమె పక్కన ఎర్ర చీటీ కట్టించుకున్న ఒకాయన గురక పెడుతున్నాడు.

ఐదడుగుల దూరంలో అంబులెన్సు. దాని డ్రైవర్ మొయినుద్దీన్ కిటికీ దించుకుని కూర్చున్నాడు. అప్పుడు బండిలోని ఫోన్ మోగింది. స్పీకర్లోంచి కంట్రోల్ రూం అమ్మాయి గొంతు ఆమెకు స్పష్టంగా వినిపించింది. కొత్వాల్‌గూడలో ఇరం అనే అమ్మాయి, ఇరవై ఏళ్లు, ఎనిమిదో నెల కడుపు, మూర్ఛ వచ్చి కొట్టుకుంటోంది, రెండోసారి. దగ్గరున్న బండి మీదే, వెళ్లగలరా?

మొయినుద్దీన్ తల బయటపెట్టి శివశంకర్‌ను పిలిచి సంగతి చెప్పాడు. శివశంకర్ గడియారం చూసుకున్నాడు. "సార్ వాళ్లు టోల్ గేటు దాటారు, పది నిమిషాల్లో ఇక్కడుంటారు. మొదటి బండే లేకపోతే ఏం చూపిస్తాం? కొత్తూరు బండిని పంపమనండి."

"కొత్తూరు బండి పేషెంటును తీస్కొని ఉస్మానియా దవాఖానకు పోయింది సార్. వచ్చేటాలకు గంటైతది."

"వాళ్లు ఆటోలో పెట్టుకుని బయల్దేరతారులే. మీరు ఇంజన్ స్టార్ట్ చేసుకుని రెడీగా ఉండండి."

స్వరాజ్యం కళ్లు మూసుకునే ఉంది. ఎనిమిదో నెలలో మూర్ఛ అంటే ఏమిటో ఆమెకు తెలుసు. మూడోసారి వస్తే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. కళ్లు తెరిచి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చూసింది. పోలీసాయన తాడు సరిచేస్తున్నాడు. ఫైరింజన్ ఆయన టోపీ తుడుచుకుంటున్నాడు. అందరూ విన్నారు. తమ సంస్థ పని కాదు కదా అని ఎవరికి వారు ఊరుకున్నారు. లేవాలని ఆమె నిర్ణయించుకున్నది ఎప్పుడో ఆమెకే తెలియదు. తెలిసేసరికి లేచి నిలబడి ఉంది.

"అమ్మా, పడుకో, వీడియో నడుస్తోంది" అన్నారెవరో.

ఆమె నడిచి వెళ్లి అంబులెన్సు వెనక తలుపు తీసింది. "చందూ, దిగు. పోవాలె."

చందు శివశంకర్ వైపు చూసి, ఆమె ముఖం చూసి, దిగిపోయాడు.

"మొయినన్నా, నడువు."

"సార్ వద్దన్నడు గద అక్కా."

"చెప్తున్నది నేను. నువ్వు నడువు."

మొయినుద్దీన్ ఒక్క క్షణం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత గేరు వేశాడు. వెనక శివశంకర్ పరుగెత్తుకుంటూ రావడం అద్దంలో కనిపించింది, ఆ తర్వాత దుమ్ము.

కొత్వాల్‌గూడకు తొమ్మిది నిమిషాలు పట్టింది. సందు మొదట్లోనే ఇరం అత్త షహజాది కాళ్లకు చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. బండిలోంచి ముఖమంతా ఎర్రగా ఉన్న మనిషి దిగేసరికి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "రంగు అమ్మా, ఉత్త రంగే, భయపడకు, పిల్ల ఏది?" అంటూ స్వరాజ్యం లోపలికి పోయింది. చాప మీద ఇరం. పళ్లు బిగుసుకుని, పెదవి తెగి, ముఖమూ చేతులూ నీరు పట్టి ఉన్నాయి. స్వరాజ్యం ఆమెను ఎడమ పక్కకు తిప్పి, నోట్లో నురగ తీసి, ఆక్సిజన్ పెట్టింది. బీపీ చూస్తే మీటరు నూట ఎనభై దాటింది. కంట్రోల్ రూం డాక్టరు ఫోన్లో చెబుతుంటే రెండు పిరుదులకూ సూది మందు ఇచ్చింది.

"బతుకుతదా?" అంది షహజాది, బండెక్కి కోడలి పాదాలు పట్టుకుని.

"జర గట్టిగ పట్టుకో అమ్మా. పేరు పెట్టి పిలుస్తుండు."

దగ్గరున్నది ఆ ప్రైవేటు ఆస్పత్రే. డ్రిల్లు కోసం అక్కడ వాకిట్లో స్ట్రెచర్లు వరసగా పెట్టారు. డాక్టర్లు, నర్సులు తెల్లకోట్లలో నిలబడి ఉన్నారు, కెమెరా సిద్ధంగా ఉంది. అంబులెన్సు ఆగగానే ఒకతను పరుగున వచ్చి, "చీటీ నంబరెంత మేడమ్?" అని అడిగాడు.

"నంబరు లేదు. ఇది నిజం" అంది స్వరాజ్యం.

అతనికి అర్థం కాలేదు. వెనకున్న లేడీ డాక్టరుకు అర్థమైంది. ఆమె ఇరం కళ్లు ఎత్తి చూసి, "ఆపరేషన్ థియేటర్" అని ఒక్క మాట అని స్ట్రెచర్ పట్టుకుని తనే పరుగెత్తింది. చూపించడానికి నిలబడ్డవాళ్లంతా ఆ మాటతో పనిలో పడ్డారు. రక్తం, మత్తు డాక్టరు, పసిపిల్లల డాక్టరు, అన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయి. మామూలు రోజైతే ఇవన్నీ సమకూరడానికి పూటంతా పట్టేది. నలభై నిమిషాలకు లోపల్నుంచి పిల్ల ఏడుపు వినిపించింది. ఇరంకు కూడా ప్రమాదం తప్పిందని నర్సు వచ్చి చెప్పింది. షహజాది గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చుంది. మొయినుద్దీన్ నీళ్లసీసా మూత తీసి స్వరాజ్యం చేతికిచ్చాడు.

మైదానంలో పెద్ద అధికారి వచ్చి అరగంట ఎండలో నిలబడి వెళ్లిపోయాడట. సంతకాలు జరగలేదు. మర్నాడు ఆఫీసులో శివశంకర్ అరవలేదు. కుర్చీ చూపించాడు, దానికే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. నువ్వు ఆడదానివి, కడుపుతో ఉన్న పిల్ల అనేసరికి చలించిపోయావు. కానీ పార్ట్‌నర్లందరూ జవాబు అడుగుతున్నారు. బండి డ్రైవర్ చేతిలో ఉంటుంది. అతను చెప్పకుండా తీసుకుపోయాడు, నన్ను రమ్మంటే ఎక్కాను అని రాసివ్వు. నీకు మెమోతో పోతుంది." ఒక ఫారం ఆమె ముందు పెట్టాడు. "రేపు పొద్దున తెచ్చివ్వు."

ఇంటికి వెళ్లేసరికి సంగతి మల్లేశ్వర్‌కు తెలిసిపోయింది. "సార్ మంచోడు గాబట్టి దారి సూపెట్టిండు. రాసి పడెయ్. ఆ డ్రైవరేమన్న మన సుట్టమా?" అన్నాడు. జంగమ్మ, "ఊరి ఆడోళ్ల కోసం ఉరుకుతది, ఇంట్ల మనిషి కోసం గింత రాస్తే ఏమైతది?" అంది. సాయంత్రం మొయినుద్దీన్ ఫోన్ చేశాడు. అతనికి ముందే చెప్పినట్టున్నారు.

"రాసెయ్ అక్కా. నాకు లైసెన్సుంది, ఏడనన్న లారీ దొరుకుతది. నీకు ఇంకో నౌకరి అంటే ఇంట్ల పోనియ్యరు. నాకెరుకే గద."

ఆ మాట ఆమెను మల్లేశ్వర్ మాటకంటే ఎక్కువ కోసింది. పద్నాలుగేళ్లు బండి నడిపిన మనిషి, తన ఇంటి సంగతి తనకంటే బాగా తెలుసుకుని, తన కోసం ఉద్యోగం వదులుకుంటానంటున్నాడు. ఆ మైదానంలో అంతమంది మగవాళ్ల ముందు "చెప్తున్నది నేను" అన్న మాట ఆమె పుట్టి పెరిగాక మొదటిసారి అంది. రేపు ఆ ఫారం మీద ఇంకోలా రాస్తే ఆ మాట ఆమె అననట్టే అవుతుంది. "నన్ను రమ్మంటే ఎక్కాను." పెళ్లి నుంచి ఇప్పటిదాకా ఆమె చేసిన ప్రతిదాన్నీ లోకం అలాగే రాసుకుంది. వాళ్లు పంపిస్తే వెళ్లింది, వాళ్లు వద్దంటే ఆగింది. ఒక్కటి, ఈ ఒక్కటి మాత్రం ఆమెది. తప్పయినా ఆమెదే.

తర్వాత ఏం జరిగిందంటే, స్వరాజ్యాన్ని నెల రోజులు పని నుంచి ఆపేసి, ఆ పైన కొత్తూరు బండికి మార్చారు. ఇంటి నుంచి రెండు బస్సులు. మల్లేశ్వర్ పది రోజులు మాట్లాడలేదు, ఆ నిశ్శబ్దంలో ఆమె హాయిగా నిద్రపోయింది. మొయినుద్దీన్ పాత బండి మీదే ఉన్నాడు. ఒప్పందం వర్షాలు మొదలయ్యాక జరిగింది. డ్రిల్లు సమయంలో నిజమైన కాల్ వస్తే బండి వెంటనే వదిలిపెట్టాలని అందులో ఒక వాక్యం చేర్చారు. చేర్చమని పట్టుబట్టింది ఆ లేడీ డాక్టరని స్వరాజ్యానికి చాలా రోజుల తర్వాత తెలిసింది.

కానీ ఫారం తెచ్చివ్వాల్సిన ఆ పొద్దున ఇవేవీ ఆమెకు తెలియవు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. మల్లేశ్వర్ స్నానానికి వెళ్లబోతూ, "రాసినవా?" అన్నాడు. "రాస్తున్న" అంది. స్టవ్ సన్నగా చేసి, గచ్చు మీద కూర్చుని, ఫారం మోకాలి మీద పెట్టుకుంది. పేరు, ఉద్యోగం, బండి నంబరు, తేదీ నింపింది. కింద ఒక ప్రశ్న, దాని పక్కన వేలెడంత ఖాళీ. ఎవరి అనుమతితో వాహనాన్ని కదిలించారు?

స్వరాజ్యం పెన్ను గట్టిగా పట్టుకుని రాసింది: నా అనుమతితో.