తెట్టు తీయని పోత

నరసరావుపేటలో అల్యూమినియం పోత అంటే అయాజ్ తర్వాతే ఎవరైనా. ముప్పై ఏళ్ళుగా మోటారు పంపుల చక్రాలు పోస్తున్నాడు. తన పోతలో నల్ల చుక్క చూపిస్తే ఆ రోజే కొలిమి ఆర్పేస్తానని పందెం కాసే మనిషి.

అలాంటివాడి దగ్గరికి పక్క వీధి యశస్విని చిన్న డబ్బా పట్టుకుని వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీ పొగలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టి, కరిగించిన లవణంలో కరెంటు పారించి, నల్లటి కార్బన్ పొడి చేసింది. ఆరు నెలల కష్టానికి వచ్చింది ఆ డబ్బాడే.

"ఇది లోహంలో కలిస్తే బలం వస్తది బాబాయ్. రేపు పొద్దున దీంతో పోసిన కడ్డీ చూపించకపోతే కాలేజీవాళ్ళు ప్రాజెక్టు ఆపేస్తామన్నారు."

"పొగతో కడ్డీనా? చానా బాగుంది. పోద్దాం పా!"

కరిగిన లోహంలో ఆమె సగం పొడి వేసింది. అయాజ్ కెలికాడు. నలుపంతా పైకి తేలింది. చెయ్యి ఊరుకుంటుందా? కరిగిన లోహం మీద తేలే మురికి తెట్టును తీసే అలవాటుతో గోడ మేకుకున్న గరిటె అందుకుని, తేలినదంతా తోడి నేలమీద కొట్టాడు.

"చూడమ్మా, అద్దంలా ఉంది!"

యశస్విని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు పారేసింది తెట్టు కాదు బాబాయ్, నా పొడి."

అయాజ్‌కు తల కొట్టేసినట్టయింది. అయితే సిగ్గుపడుతూ కూర్చునే రకం కాదాయన.

"పొడిపొడిగా ఏస్తే తేలక ఏం చేస్తది? మిగిలింది ఇటియ్యి. ఆ గరిటె నాకు కనపడకుండా దాచు."

పొడిని అల్యూమినియం రజనులో కలిపి, బిళ్ళలుగా నొక్కి, పల్చటి రేకులో చుట్టాడు. ఈసారి లోహాన్ని సంగటిలా చిక్కబడనిచ్చి, బిళ్ళల్ని ఇనుప కడ్డీతో అడుక్కి తోసి, చెమటలు కారేలా కెలికాడు. చిక్కటి లోహంలో పొడికి పైకొచ్చే దారి లేదు. మళ్ళీ కాచి అచ్చులో పోసే ముందు కాస్త నలుపు తేలింది. ఆయన చెయ్యి గోడవైపు వెళ్ళి, గరిటె లేని మేకును తడిమి, తిరిగొచ్చింది.

చల్లారాక, పొడి కలపని మామూలు కడ్డీనీ కొత్తదాన్నీ పక్కపక్కన బిగించి బరువులు వేలాడదీశారు. మామూలుది రెండో ఇనుప దిమ్మకే వంగింది. నల్లచుక్కల కడ్డీ నాలుగోదాన్ని మోస్తూ కూడా వంగకుండా నిలిచింది.

యశస్విని కేక వేసి ఆయన మసి చేతులు పట్టుకుంది. అయాజ్ కడ్డీ మీది నల్ల చుక్కల్ని తడిమి చూసి, గొంతు తగ్గించాడు.

"రేపు కాలేజీలో అడిగితే అయాజే పోశాడని చెప్పు. తెట్టు తియ్యలేదని మాత్రం ఊళ్ళో అనబాకమ్మా, పరువు పోద్ది."