పదకొండో ఇల్లు

తెల్లవారుతుండగా సుకుమార్ మంచం దిగి, కళ్లు నలుపుకుంటూ బాత్రూమ్ వైపు నడిచి, గోడకి నుదురు ఠపీమని కొట్టుకున్నాడు. కుడిపక్క బాత్రూమ్ ఉన్నది పోయినసారి ఇంట్లో. దాని ముందరి ఇంట్లో పెరట్లో ఉండేది. ఈ ఇంట్లో ఎడమపక్క. తొమ్మిదేళ్లలో పదకొండు ఇళ్లు మారితే పాపం ఆ కాళ్లు మాత్రం ఎన్నని గుర్తుపెట్టుకుంటాయి!

“ఇటండీ,” అంది వంటింట్లోంచి కెజియా. చప్పుడు వింటే చాలు, ఆవిడకి సంగతి తెలిసిపోతుంది.

సుకుమార్ చేసే పనేమిటో అతని మేనమామకి ఇప్పటికీ బోధపడలేదు. ఇళ్లు కట్టడు, అద్దెకివ్వడు, అలాగని బ్రోకరూ కాదు. శిథిలమైన ఇల్లు చూసి కొంటాడు. అందులోనే కాపురం పెడతాడు. కారే శ్లాబు బాగుచేయించి, పెచ్చులూడిన గోడలు పూయించి, రంగులేయించి, ఇల్లు పెళ్లికూతురిలా తయారయ్యాక ఎవరికో అమ్మేస్తాడు. ఇల్లు బాగుపడేదాకా దుమ్ములో అన్నం తినేది వీళ్లు, బాగుపడ్డాక హాయిగా కాలు చాపుకునేది ఇంకొకళ్లు. మనిషి సన్నంగా, పొడుగ్గా ఉంటాడు. యాభైకి ఇంకా రెండేళ్లుంది. పైకప్పుల్లో చెమ్మ మరకలు చూసీ చూసీ మెడ కాస్త వెనక్కి వాలిపోయింది. గోళ్ల సందుల్లో ఏదో ఒక రంగు ఎప్పుడూ ఉంటుంది, ఈ వారం లేత పసుపు.

కెజియా టిఫిన్ పళ్లెం ముందు పెట్టి, పక్కనే నిలబడింది.

“సాయంత్రం ఆ బాపిరాజుగారు ఇల్లు చూడ్డానికి వస్తానన్నారు కదా?”

“ఆఁ.”

“ఏవండీ, ఈ ఇల్లు మనం ఉంచేసుకుందామండీ.”

ఈ వారంలో ఇది మూడోసారి అడగడం. ఆవిడ గట్టిగా అడిగే మనిషి కాదు. కొల్లేటి లంకలో పుట్టింది. వానలు ముదిరి ఊళ్లోకి నీళ్లొస్తే చాలు, వంటసామాను నెత్తిన పెట్టుకుని అందరితో పాటు గట్టుమీదికి పోవాల్సిందే. బియ్యంమిల్లులో గుమస్తా సంబంధం వచ్చినప్పుడు ఆవిడ అడిగింది ఒక్కటే, “ఆ ఊళ్లోకి నీళ్లొస్తాయా?” అని. రావన్నారు. నిజమే, రాలేదు. మిల్లు మూతపడింది, సుకుమార్ ఈ పనిలో పడ్డాడు, అంతే.

“చూద్దాంలే,” అన్నాడు.

“చూద్దామంటే వద్దనే కదండీ.”

సుకుమార్ ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో ముంచాడు. నిజానికి తనకీ ఈ ఇల్లు బాగుంది. ఏలూరు తంగెళ్లమూడిలో రోడ్డుకి నాలుగిళ్ల లోపల, గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు. కానీ ఇల్లు ఉంచేసుకోవడమంటే ఎలాగో అతనికి తెలీదు. కొనడం వచ్చు, అమ్మడం వచ్చు. మధ్యలో ఆగిపోవడమే రాదు.

“ఇవాళ ఇంకో ఇల్లు దొరికితే ఇది అమ్ముదాం. దొరక్కపోతే మనమే ఉంచేసుకుందాం. సరేనా?”

కెజియా మొహం వెలిగింది. “నిజంగానా అండీ?”

“నిజంగానే.”

అన్నాక బండెక్కాడు. ఇల్లు దొరకాలని వెళ్తున్నాడో, దొరక్కూడదని వెళ్తున్నాడో అతనికే తెలీలేదు. చోద్యం కాకపోతే ఏమిటి!

ఇళ్లు వెతకడంలో సుకుమార్‌కి కొన్ని పద్ధతులున్నాయి. కరెంటు స్తంభాల మీద ‘పాత ఇల్లు ఏ స్థితిలో ఉన్నా కొంటాం’ అని కాగితాలు అంటిస్తాడు. ఆ నంబరుకి వచ్చే ఫోన్లలో సగం, అద్దె పోర్షన్లున్నాయా అని. ఒకావిడైతే పెళ్లి సంబంధాలు చూస్తారా అని అడిగింది. అసలైన ఇళ్లు దొరికేది మాత్రం ఫ్లెక్సీల వల్ల. ఊళ్లో ఎవరు పోయినా వీధి మొగలో ఫ్లెక్సీ కడతారు కదా, ఆ బొమ్మా పేరూ చూసుకుంటాడు. హిందువులైతే పెద్దకర్మ, క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూటం అయ్యేదాకా ఆగుతాడు. ఆ తర్వాత మూడోనాడు వెళ్తాడు. ముందు మనిషి గురించి మాట్లాడాలి, ఆ తర్వాతే గోడల గురించి. ఇది అతని నియమం.

తాడేపల్లిగూడెంలో అలాంటి ఫ్లెక్సీ ఒకటి పదిహేనురోజుల కిందట చూసిపెట్టుకున్నాడు. పైన ‘ప్రభువునందు నిద్రించిరి’ అని ఉంది. కింద దండం పెడుతున్న తెల్లజుట్టు పెద్దాయన, పేరు వరదానం మాస్టారు. కూటం అయి ఇవాళ్టికి సరిగ్గా మూడోనాడు. ఆ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. పాత పెంకుటిల్లు, ముందు వసారా, వెనక ఖాళీజాగా. దూలాలు గట్టివి. చూడగానే లోపల ఏదో పొంగింది, ఆ వెంటనే కెజియా మొహం గుర్తొచ్చి దిగులేసింది.

తలుపు కొట్టి, మొహం విచారంగా పెట్టుకున్నాడు. తలుపు తీసింది ఆ పెద్దాయనే. బతికున్న మనిషి, బనీనుతో.

సుకుమార్ గుమ్మం పట్టుకుని, “వందనాలండీ... మాస్టారు...” అని నసిగాడు.

“నేనే బాబూ.”

“మీరు... ఫ్లెక్సీలో...”

పెద్దాయన కాసేపు అయోమయంగా చూసి, తర్వాత నవ్వాడు. “అదా! నా దగ్గర చదువుకున్నవాళ్లు కట్టారు. అభిమానం కొద్దీ నా బొమ్మ అంత పెద్దది వేసి, ఆవిణ్ణి మూలన ఇంత చేశారు. నీలాగే నలుగురు వచ్చి బెదిరిపోయారు. పోయింది మా ఆవిడ, విక్టోరియా. రా, టీ తాగి వెళ్దువుగాని.”

వద్దంటే వినలేదు. పొయ్యి మీద పాలు మరుగుతున్నాయి గానీ, వంటింట్లో అల్మారా తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. పెద్దాయన ఒక్కో డబ్బా మూత తీసి చూస్తున్నాడు, మళ్లీ పెడుతున్నాడు. “పంచదార బాబూ. అయిపోలేదు, ఉంది. ఎక్కడో ఉంది.”

ఎన్ని ఇళ్ల వంటగదులు చూశాడో సుకుమార్. కిటికీ కింద, ఎండ తగలని మూలకి వంగి చూశాడు. చింతపండు జాడీ వెనక, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో నిలబెట్టిన డబ్బా ఉంది. తీసి అందించాడు.

మాస్టారు ఆ డబ్బా పట్టుకుని, ఉన్నచోటే ముక్కాలిపీట మీద కూలబడ్డాడు.

“ముప్పై రెండేళ్లు ఈ ఇంట్లో ఉన్నాను. నువ్వొచ్చి పది నిమిషాలు కాలేదు.” కళ్లు తుడుచుకున్నాడు. “ఎందుకొచ్చావో నాకు తెలుసులే. స్తంభం మీద నీ కాగితం నేనూ చూశాను. ఇల్లు ఆవిడది బాబూ. నేను ఇందులో చుట్టంలా ఉండేవాణ్ణి. మా చెల్లెలు రమ్మంటోంది. తీసుకో.”

తొందరేం లేదండీ, ఆలోచించుకోండి అంటే సరిపోయేది. ఒక్క మాట. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తొమ్మిదేళ్ల అలవాటు ముందు పలికింది.

“రాతకోతలు ఎప్పుడు పెట్టుకుందామండీ?”

బయటికొచ్చి, బండి పక్కన నిలబడి ఫోన్ చేశాడు. “కెజియా, దొరికిందే.”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

“మంచిదండీ,” అంది. “అన్నం తిన్నారా?”

“లేదింకా.”

“తినండి. ఎండన పడి రాకండి.”

కోపం లేదన్నమాట. హమ్మయ్య అనుకున్నాడు. దారిలో భోజనం చేశాడు, కానీ ఏం కూరో గుర్తులేదు. భీమడోలు దాటాక బండి ఆపి, ఒక చెట్టు కింద ఊరికే కూచున్నాడు. గెలిచినట్టే ఉంది, గుండెలో మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టుంది. ఏమిటది? మాస్టారింటికి పెంకు మార్చాలా, శ్లాబు వేయాలా అని ఆలోచించబోయాడు. ఆలోచన సాగలేదు.

ఏలూరు చేరేసరికి బాపిరాజుగారు కారు దిగి గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువులున్న మనిషి. గేటుకి తాళం వేసి ఉంది. ఎదురింటి వెంకటనరసమ్మగారు తాళంచెవి పట్టుకుని వచ్చింది.

“మధ్యాహ్నం ఆటోలో వెళ్లింది బాబూ. రెండు సంచులు పట్టుకెళ్లింది. వాళ్ల తమ్ముడి దగ్గరికంట, లంకకి.”

“ఎప్పుడొస్తానందండీ?”

ఆవిడ తాళంచెవి అతని చేతిలో పెట్టింది. “నేనూ అదే అడిగాను. ‘మా లంకలో నీళ్లొస్తే కదులుతాం పిన్నిగారూ, తగ్గాక మళ్లీ మా ఇంటికే వస్తాం. ఈయనతో అయితే వదిలిన ఇంటికి వెనక్కి రావడమనేదే లేదు’ అంది. ఏడవలేదు బాబూ, మామూలుగానే చెప్పింది.”

సుకుమార్‌కి ఆ మాటలు చెవిన పడ్డాయి గానీ, ఒకదాని పక్కన ఒకటి నిలబడలేదు. తాళం తీశాడు. ఇల్లంతా తుడిచి, కడిగి, చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఎప్పటిలాగే సర్దిపెట్టి ఉంది. బాపిరాజుగారు గదులన్నీ తిరిగి, “అద్దంలా ఉందండీ,” అన్నారు. హాల్లోకి వచ్చి, ఫ్యాన్ వేసి చూసి ఆగారు.

“ఇదొక్కటే. ఈ మేకు పీకించేసి, కాస్త రంగు వేయిస్తారు కదండీ?”

సుకుమార్ తలెత్తి చూశాడు. అమ్మే ఇల్లని, పదకొండిళ్లలో, ఇవాళ పొద్దున తను బండెక్కేదాకా, ఏ గోడకీ కెజియా మేకు కొట్టలేదు. అలాగేనండీ అనబోయి, ఆ మాట వదిలేసి గోడ దగ్గరికి నడిచాడు.

లేత పసుపు గోడ మధ్యలో, పెచ్చు లేచేలా వంకరగా దిగిన మేకుకి, చర్చి సంఘంలో ఇచ్చిన ఈ ఏటి బైబిలు వాక్యం క్యాలెండరు ఫ్యాన్ గాలికి మెల్లగా ఊగుతోంది.