ఎంచని మంద

ఉమ గిద్దలూరులో ఒక జిరాక్స్ దుకాణంలో టైపింగ్ పని చేస్తుంది. ఉదయం అయిదు నుంచి ఆరున్నర దాకా మాత్రం ఆమె రాసుకునే వేళ. ఆరేళ్లుగా, జ్వరం వచ్చినా, ఇంటికి చుట్టాలు దిగినా, ఆ గంటన్నర వదల్లేదు. ఏమీ తోచని రోజున కూడా కాగితం ముందు కూర్చునేది. పత్రికలకు పంపిన కథలు పద్నాలుగు, అచ్చయినవి రెండు.

ఈసారి కథ తొమ్మిది రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయింది. 'సాయంత్రం మందను ఎంచి చూస్తే ఒక గొర్రె తక్కువైంది' అని రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. వాక్యంలో తప్పేమీ కనబడదు. అయినా కథలోని కాపరి మనిషిలా లేడు. నూట యాభై గొర్రెలు కదులుతుంటే ఎవరైనా ఎట్లా లెక్కపెడతారు?

పదో రోజున మాలకొండయ్య అనే గొర్రెల కాపరి ఏదో దరఖాస్తు టైపు చేయించుకోవడానికి దుకాణానికి వచ్చాడు. కాగితం చేతికిస్తూ ఉమ అడిగింది.

"పెదనాయనా, మందలో ఒక గొర్రె తప్పిపోతే నీకెట్ల తెలుస్తాది? రోజూ ఎంచుతావా?"

ఆయన వింతగా చూశాడు. "నీకేంటికమ్మా? గొర్రెలు కొంటావా ఏంది?"

"కథ రాస్తన్నా. అందులో గొర్రె తప్పిపోయినాది."

"దొరికినాదా?"

"ఇంకా తెలీదు."

మాలకొండయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నోటితో చెప్తే వచ్చేది కాదులే. రేపు తెల్లారగానే గొర్రెల దొడ్డికాడికి రా."

ఆరేళ్లలో మొదటిసారి ఆ తెల్లవారుజామున ఆమె కాగితం తీయలేదు. నడుస్తున్నంతసేపూ తప్పు చేస్తున్నట్టే అనిపించింది.

మాలకొండయ్య దొడ్డికి అడ్డం వేసిన ముళ్లకంప పక్కకు లాగి నిలబడ్డాడు. గొర్రెలు తోసుకుంటూ బయటికి వస్తున్నాయి. ఆయన భార్య పిచ్చమ్మ ఏదో అడుగుతుంటే జవాబు చెబుతున్నాడే తప్ప ఎంచడం లేదు. ఉమ ఎంచబోయి నలభై దగ్గర తడబడింది. చివరి గొర్రె దాటగానే ఆయన అన్నాడు.

"ఒకటి రాలే."

"ఎట్ల తెలిసినాది?"

"ఆ కుంటిదాన్ని సూడు. దాని ఎనకాల ఎప్పుడూ చెవి చీలిన గొర్రె వస్తాది. ఈ పొద్దు కుంటిది ఒక్కటే వచ్చినాది."

లోపలికి వెళ్లి చూశారు. దొడ్డి మూల చెవి చీలిన గొర్రె పడుకుని ఉంది. పక్కన అప్పుడే పుట్టిన పిల్ల, ఇంకా తడి ఆరలేదు, లేవబోయి ముందుకాళ్ల మీద కూలబడుతోంది. పిచ్చమ్మ దాన్ని పాత గుడ్డతో తుడిచింది.

"ఇన్నిటినీ ఎట్ల గుర్తు పెట్టుకుంటావు పెదనాయనా?"

"గుర్తు పెట్టుకునేదేముందమ్మా. మీ ఇంట్లో బువ్వకు కూచున్నప్పుడు ఎవురు రాలేదో ఎంచి తెలుసుకుంటావా?"

మర్నాడు అయిదింటికి ఉమ ఆ వాక్యం కొట్టేసింది. ఆమె కథలో కాపరి ఇప్పుడు ఎంచడు, ఒంటరిగా నడుస్తున్న గొర్రెను చూసి ఆగిపోతాడు. అక్కణ్ణించి కథ కదిలింది. సులువుగా మాత్రం కాదు. మూడు వారాలు పట్టింది, నాలుగుసార్లు తిరగరాసింది.

పంపే ముందు దొడ్డి దగ్గరికి వెళ్లి చదివి వినిపించింది. పిచ్చమ్మ బాగుందన్నది. మాలకొండయ్య గడ్డం గోక్కున్నాడు.

"బాగుండాదమ్మా. గానీ నీ కథలో ఆయప్ప గొర్రెను ఎతుక్కుంటా పడమటికి పోయినాడు గదా. ఆ పొద్దు గాలి ఎటునుంచి తోలినాది?"

ఉమ అది రాయలేదు. ఆలోచించనైనా లేదు.

"గాలికీ గొర్రెకూ ఏంది సంబంధం?"

ఆయన కర్ర పక్కన పెట్టి బండ మీద కూర్చున్నాడు. ఉమ కూడా ఎదురుగా కూర్చుని, కాగితాలు వెనక్కి తిప్పి పెన్ను తీసింది. ఆ వారం కథ పోస్టుకు పోలేదు.